ఆరుగురు, మూడు బాత్రూములు, ఒకే మీటర్: వేడినీళ్లకి ఏం పెట్టుకోవాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. విశాఖ పి.ఎం.పాలెంలో రెండంతస్తుల ఇండిపెండెంట్ ఇల్లు అద్దెకు తీసుకున్నారు. ఉద్యోగాలు చేసుకునే ఆరుగురు. కింద రెండు బాత్రూములు, పైన ఒకటి, కరెంటు మీటర్ మాత్రం ఒకటే. ఓనర్ గారు టెర్రస్ మీద సోలార్ వాటర్ హీటర్ పెట్టిస్తాను, సగం డబ్బులు మీరు వేసుకోండి అంటున్నారు. మీలో ఒకరు గ్యాస్ గీజర్ చవక అంటుంటే, ఇంకొకరు ప్రతి బాత్రూంలో చిన్న ఇన్‌స్టంట్ గీజర్ చాలంటున్నారు. డిసెంబరులో ఒకరి అమ్మగారు వచ్చి కొన్నాళ్లు ఉంటారు, ఆవిడకి కీళ్లనొప్పులు, అందుకని గదిలో హీటర్ కూడా కొనాలా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. మూడు బాత్రూముల్లోనూ స్టోరేజీ గీజర్లే, అంటే ట్యాంకులో నీళ్లు వేడిచేసి నిలవ ఉంచేవే పెట్టుకోండి. కింద ఎక్కువమంది వాడేదాంట్లో 25 లీటర్లది, మిగతా రెండింట్లో 15 లీటర్లవి. అద్దెకున్నంత కాలం సోలార్‌లో మీ డబ్బు పెట్టకండి. గ్యాస్ జోలికి వెళ్లకండి. రూమ్ హీటర్ విశాఖలో దండగ. వీటన్నిటికంటే ముందు మంచి ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వైరింగూ ఎర్తింగూ చూపించండి. మీ ప్రశ్నలో ఆ మాటే లేదు కానీ, అసలు పని ఉన్నది అక్కడే.

ఈ ఊళ్లో అపార్ట్‌మెంట్లకీ హాస్టళ్లకీ ప్లంబింగ్, ఎలక్ట్రికల్ పనులు చేయించడం నా వృత్తి. వేడినీళ్ల కోసం వచ్చినవాళ్లు దాదాపు అందరూ "ఇంతమందిమి ఉన్నాం, ఎన్ని లీటర్లది కావాలి" అనే మొదలుపెడతారు. ఆ లెక్కతో కొంటే అవసరానికి మించి పెద్దదైనా కొంటారు, లేదా పొద్దున్నే గొడవపడతారు. నేనైతే మూడు సంగతులు అడుగుతాను. పొద్దున్న ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర మధ్యలో ఒక్కో బాత్రూంలోకి ఎంతమంది వెళ్తారు? బకెట్టా, షవరా? ఇద్దరి మధ్య ఎంత సందు ఉంటుంది? ఈ మూడూ తెలిస్తే మిగతాది చిన్న లెక్క.

ఆ లెక్క ఎవరికి వాళ్లు వేసుకోవచ్చు. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో కేలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటంటే సుమారు 860 కిలో కేలరీలు. చలికాలం తెల్లవారుజామున మన టెర్రస్ ట్యాంకులో నీళ్లు 24 డిగ్రీలకి అటూ ఇటూ ఉంటాయి. స్నానానికి 40 డిగ్రీలు హాయిగా సరిపోతుంది. అంటే పెంచాల్సింది 16 డిగ్రీలే. ఢిల్లీలో జనవరి పొద్దున్న కుళాయి నీళ్లు 12 డిగ్రీల దగ్గరుంటే వాళ్లు 28 డిగ్రీలు పెంచుకోవాలి. అందుకే ఉత్తరాది వాళ్లు వీడియోల్లో చెప్పే సైజులు మనం గుడ్డిగా తీసుకోకూడదు.

బకెట్ స్నానానికి 25 లీటర్లు అనుకోండి. 25ని 16తో గుణించి 860తో భాగిస్తే అర యూనిట్ కూడా రాదు, 0.47 వస్తుంది. అదే షవర్ అయితే నిమిషానికి 8 లీటర్ల చొప్పున ఎనిమిది నిమిషాలకి 64 లీటర్లు, దాదాపు 1.2 యూనిట్లు. ఈమధ్య కొత్త ఇళ్లలో సీలింగ్‌కి పెద్ద పళ్లెం లాంటి షవర్లు పెడుతున్నారు. వాటిలో కొన్ని నిమిషానికి 15 లీటర్లు దింపేస్తాయి. దాని కింద పది నిమిషాలు నిలబడితే 2.8 యూనిట్లు. ఏ గీజర్ కొన్నారన్నదానికంటే ఎలా స్నానం చేస్తున్నారన్నదే బిల్లుని తేలుస్తుంది. ఐదు స్టార్ల గీజర్ కొని దానికి ఈ షవర్ తగిలించేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

ఇప్పుడు మీ ఆరుగురి లెక్క. రోజూ తలా ఒక బకెట్ స్నానం అంటే నెలకి 84 యూనిట్లు. గీజర్ ట్యాంకులోంచి పోయే వేడి కూడా కలిపి వంద వేసుకుందాం. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మన దగ్గర ఇళ్లకి 126 నుంచి 225 దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, 400 దాటితే 9.75. సర్దుబాటు ఛార్జీలు వేరే. ఆరుగురు ఒకే మీటర్ మీద ఉన్నారు కాబట్టి ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మోటారు, కంప్యూటర్లు కలిపి ముందే పై స్లాబులో ఉంటారు. గీజర్ యూనిట్లు వచ్చి ఆ పైన కూర్చుంటాయి. అందుకని సగటు రేటుతో కాకుండా పై స్లాబు రేటుతోనే లెక్కేయాలి. వంద యూనిట్లకి 975 రూపాయలు, తలకి 160 పైచిలుకు. విశాఖలో నిజంగా వేడినీళ్లు కావాల్సింది నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి దాకా, ఆపైన ముసురు పట్టిన నాలుగు రోజులు. మొత్తం ఇంటికి ఏడాదికి నాలుగు వేలకి అటూ ఇటూ అవుతుంది. ఈ నాలుగు వేలు గుర్తుపెట్టుకోండి, సోలార్ దగ్గర మళ్లీ పనికొస్తుంది. రోజూ అందరూ షవరే అంటే మాత్రం ఇది రెండింతలు దాటుతుంది.

స్టోరేజీయా, ఇన్‌స్టంటా అన్న వాదన మీ ఇంట్లో నడుస్తోందన్నారు. ఇన్‌స్టంట్ అంటున్న మీ స్నేహితుడి మాట పూర్తిగా కొట్టిపారేయలేను. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజర్ మన నీళ్లని 16 డిగ్రీలు పెంచుతూ నిమిషానికి 2.7 లీటర్లు ఇస్తుంది. ఏడెనిమిది నిమిషాల్లో 20 లీటర్ల బకెట్ నిండుతుంది. ఇదే గీజర్ ఢిల్లీలో నిమిషానికి లీటరున్నర మించి ఇవ్వదు. కాబట్టి మన ఊళ్లో బకెట్ మనుషులకి ఇన్‌స్టంట్ బాగానే పనిచేస్తుంది, షవర్‌కి మాత్రం సన్నటి ధారే వస్తుంది. మీ ఇంట్లో చిక్కు కరెంటు దగ్గర. 3 కిలోవాట్లంటే 13 ఆంపియర్లు. పొద్దున్న ఏడింటికి మూడూ ఒకేసారి వేస్తే 39. చాలా ఇళ్లలో మెయిన్ ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, 32 ఆంపియర్లదే ఉంటుంది. మోటారు ఆన్ అయ్యి, ఎవరో ఇస్త్రీపెట్టె కూడా పెట్టారంటే ఇల్లంతా చీకటి, ఒంటి మీద సబ్బు. మూడు స్టోరేజీ గీజర్లు, ఒక్కోటి 2 కిలోవాట్లది, ఒకేసారి వేసినా 26 ఆంపియర్లే. పైగా వాటిని వేర్వేరు సమయాల్లో వేసి ఉంచుకోవచ్చు.

15 లీటర్ల స్టోరేజీ గీజర్ 60 డిగ్రీలకి వేడెక్కితే, చన్నీళ్లు కలుపుకున్నాక 40 డిగ్రీల నీళ్లు లెక్క ప్రకారం 33 లీటర్లు రావాలి. లోపలికి వచ్చే చన్నీళ్లు కొంత కలిసిపోతాయి కాబట్టి చేతికొచ్చేది 28, 30 అనుకోండి. ఒక మనిషికి బకెట్టూ పావు. మళ్లీ వేడెక్కడానికి 20 నిమిషాలు. ఇద్దరు వాడే బాత్రూంకి ఇది చాలు. 25 లీటర్లది అయితే 48 లీటర్ల దాకా వస్తాయి, మళ్లీ వేడెక్కడానికి అరగంట. ముగ్గురు వరసగా వెళ్లే బాత్రూంకి, లేదా ఒకరైనా షవర్ వదలనివాళ్లు ఉన్న బాత్రూంకి ఇది. ఇంతకంటే పెద్దది మీకు అక్కర్లేదు. నరక చతుర్దశి, భోగి లాంటి రోజుల్లో తెల్లారకముందే అందరూ తలంటుకి లేస్తారు కదా అంటారేమో, ఏడాదికి రెండు రోజుల కోసం 50 లీటర్లది కొనక్కర్లేదు. ఆ రోజు స్టవ్ మీద ఒక పెద్ద గిన్నె పెట్టుకోండి.

ఇక వైరింగ్. మీది ఎప్పటి ఇల్లో రాయలేదు. గీజర్‌కి 16 ఆంపియర్ల సాకెట్, దానికి బోర్డు నుంచి నేరుగా వచ్చే విడి లైను, ఆ లైనుకి సొంత ఎంసీబీ ఉండాలి. 2 కిలోవాట్లకి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 3 కిలోవాట్లదైతే 4. పాత ఇళ్లలో బాత్రూం దాకా 1.5 వైరు లాగి, చివర పెద్ద సాకెట్ బిగించేస్తారు. బయటికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది, లోపల వైరు వేడెక్కుతూ ఉంటుంది. గీజర్ పది నిమిషాలు వేసి ఆపాక ప్లగ్ పీకి దాని పిన్నులు ముట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే సాకెట్ వదులైందనో, వైరు సన్నమనో అర్థం. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద గీజర్ నడపడం అనే ఆలోచన వస్తే అక్కడికక్కడే మానుకోండి.

ఎర్తింగ్ మరీ ముఖ్యం. అద్దె ఇళ్లలో సాకెట్‌కి మూడో కన్నం ఉంటుంది కానీ దాని వెనక వైరు ఉందో లేదో దేవుడికెరుక. ఉన్నా, అది వెళ్లి కలిసే ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఏళ్లు అయ్యుంటుంది. బల్బు హోల్డర్‌కి రెండు వైర్లు తగిలించి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య పెడితే బల్బు నిండుగా వెలగాలి. ఇది మీరు చేయొద్దు, ఎలక్ట్రీషియన్‌తో మీ కళ్లముందు చేయించండి. మసగ్గా వెలిగితే ఎర్త్ గొయ్యి బాగుచేయించాలి. దాంతోపాటు బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ వైర్లని కాపాడుతుంది, మనిషిని కాపాడేది ఆర్‌సీసీబీ. గీజర్ కాయిల్ పగిలి నీళ్లలోకి కరెంటు లీకైతే సెకనులో చిన్న భాగంలోనే అది పడిపోయి కరెంటు ఆపేస్తుంది. మూడు గీజర్ల కంటే దీనికయ్యే ఖర్చు తక్కువ. ఓనర్ గారితో బేరమాడాల్సింది సోలార్ గురించి కాదు, దీని గురించి. గీజర్లు మీవి, ఖాళీ చేసేటప్పుడు పట్టుకుపోతారు. వైరింగ్, ఎర్త్, ఆర్‌సీసీబీ ఆయన ఇంటికే ఉండిపోతాయి కాబట్టి ఆయనే పెట్టించడం న్యాయం. అగ్రిమెంట్‌లో ఒక లైను రాయించుకోండి.

ఈ పనులు అయ్యేదాకా ఎవరూ బకెట్‌లో రాడ్డు పెట్టకండి. రాడ్డు ఆన్‌లో ఉండగా నీళ్లు వేడెక్కాయో లేదో వేలు పెట్టి చూసే అలవాటు ఇంటికొకరికి ఉంటుంది. హాస్టల్ గదుల్లో షాకులు ఎక్కువగా దాంతోనే.

విశాఖకి ప్రత్యేకమైన బెడద ఇంకోటి ఉంది, ఉప్పు. రెండు దార్ల నుంచి వస్తుంది, గాలి నుంచీ నీళ్ల నుంచీ. లాసన్స్ బే, పెదవాల్తేరు, రుషికొండ లాంటి చోట్ల ఏసీ బయటి యూనిట్లు ఎలా తుప్పుపడతాయో అందరూ చూసే ఉంటారు. సాకెట్ లోపలి ఇత్తడి టెర్మినళ్లకీ అదే గతి, చిలుము పట్టి వదులవుతాయి. పి.ఎం.పాలెం సముద్రానికి కాస్త లోపలే కాబట్టి గాలి బాధ మీకు కొంత తక్కువ. బోరు నీళ్ల బాధ మాత్రం తప్పదు. జీవీఎంసీ మునిసిపల్ నీళ్లొచ్చే ఇళ్లలో ఏళ్ల తరబడి నడిచే కాయిల్ బోరు నీళ్ల ఇంట్లో రెండు చలికాలాలకే సున్నం పట్టి చిట్లిపోవచ్చు. మీకు రెండూ వస్తున్నాయని రాశారు. వీలుంటే ఓవర్‌హెడ్ ట్యాంకుని రెండుగా విడగొట్టి, మునిసిపల్ నీళ్లు బాత్రూములకీ వంటింటికీ, బోరు నీళ్లు ఫ్లష్‌కీ మొక్కలకీ ఇచ్చేలా ప్లంబర్‌తో మార్పించండి. పెద్ద పనేం కాదు, టెర్రస్ మీద రెండు వాల్వులూ కాస్త పైపూ. గీజర్ ఒక్కదానికే కాదు, మీ జుట్టుకీ మంచిది.

బోరు నీళ్లే గతి అయితే కొనేటప్పుడు నాలుగు విషయాలు చూడండి. ట్యాంకు లోపల గాజు పూత ఉన్నది మేలు. ఉప్పు నీళ్లలో మామూలు స్టీలు ట్యాంకుకి సూదిమొన కన్నాలు పడతాయి. ఏనోడ్ రాడ్ అని మెగ్నీషియం కడ్డీ ఒకటి లోపల ఉంటుంది. ట్యాంకుకి బదులు అది కరిగిపోతుంది, దాని పనే అది. ఏడాదికోసారి తీయించి చూడాలి, సన్నబడితే మార్పించాలి. గ్యారంటీ కార్డు మీద ట్యాంకుకి ఐదేళ్లో ఏడేళ్లో అని ఉంటుంది కానీ, ఏనోడ్ మార్చకపోతే ఆ కాగితాన్ని నమ్ముకోలేం. థర్మోస్టాట్‌ని, అంటే నీళ్లు ఎన్ని డిగ్రీలకి వేడెక్కి ఆగాలో చెప్పే మీటని, 75 దగ్గర పెట్టుకోవద్దు, 55 నుంచి 60 మధ్య చాలు. 60 దాటేకొద్దీ సున్నం వేగంగా పేరుకుంటుంది. అలాగని ఎప్పుడూ 40 దగ్గరే నిలవ ఉంచడమూ మంచిది కాదు, ఆ గోరువెచ్చదనంలో కొన్ని బ్యాక్టీరియా పెరుగుతాయి. గీజర్ లోపల కుతకుతమని చప్పుడొచ్చినా, వేడెక్కడానికి ముందుకంటే ఎక్కువసేపు పట్టినా కాయిల్‌కి సున్నం పట్టినట్టే. వేడినీళ్లు మాత్రమే కుళ్లిన గుడ్డు వాసనొస్తే ఆ కంపు ఏనోడ్ దగ్గర పుడుతోందని అర్థం, ట్యాంకు కడిగించాలి.

సేఫ్టీ వాల్వ్ గురించి ఒక మాట. గీజర్ వేసినప్పుడు దాన్నుంచి చుక్కలు పడతాయి. నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తే పడాల్సిందే. బాత్రూం తడిగా ఉంటోందని దానికి బిరడా కొట్టేవాళ్లు ఉన్నారు. థర్మోస్టాట్ అతుక్కుపోయిన రోజున ఆ ట్యాంకు బాంబే. చుక్కలు ఇబ్బందనిపిస్తే సన్నగొట్టం పెట్టి మూలకి వదలండి. గోడ సంగతి కూడా చూసుకోండి. 25 లీటర్ల గీజర్ నీళ్లతో కలిపి 35 కిలోలు పైనే ఉంటుంది. ఈమధ్య కట్టిన ఇళ్లలో తేలికపాటి తెల్ల బ్లాకుల గోడలుంటాయి, వాటికి మామూలు బోల్టులు పట్టవు, ఆ బ్లాకుల కోసమే చేసినవి అడగాలి.

మీ ఓనర్ గారి సోలార్ ప్రతిపాదన దగ్గరికి వద్దాం. సోలార్ నాకు ఇష్టమే. సొంత ఇల్లు, పెద్ద కుటుంబం, టెర్రస్ మీద ఎండ ఉంటే నేనే పెట్టించమంటాను. మన చలికాలం పొడిగా, ఎండగా ఉంటుంది కాబట్టి డిసెంబరు, జనవరిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండాలొచ్చి మూడు రోజులు మబ్బేస్తే కరెంటు కాయిల్ దిక్కు. మీ విషయంలో అభ్యంతరాలు వేరే ఉన్నాయి.

మొదటిది, సోలార్ నీళ్లు సాయంత్రానికి వేడెక్కి రాత్రంతా నిలవ ఉంటాయి. మీలో రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి స్నానం చేసేవాళ్లు ముందు వాడేస్తారు, పొద్దున్నే స్టీల్ ప్లాంట్‌లో ఉదయం షిఫ్ట్‌కి పరిగెత్తేవాళ్లకి మిగిలింది దక్కుతుంది. 200 లీటర్ల ట్యాంకులో తెల్లారేసరికి నీళ్లు 50 డిగ్రీల దగ్గర ఉన్నాయనుకుంటే చన్నీళ్లు కలిపాక 325 లీటర్లు. ఆరు బకెట్ స్నానాలకి 150 చాలు. ఆరు షవర్లకి 384 కావాలి. అంటే బకెట్ వాడితే మిగులు, షవర్ వాడితే చివరివాడికి చన్నీళ్లు. కుటుంబంలో అయితే సర్దుకుంటారు. స్నేహితుల మధ్య ఇది మనసులో పెట్టుకునే విషయం అవుతుంది, చాలా ఇళ్లలో చూశాను.

రెండోది, పైపులు. మీ ఇంట్లో బహుశా గీజర్ నుంచి మిక్సర్‌కి మాత్రమే వేడినీళ్ల లైను ఉంటుంది, టెర్రస్ నుంచి కింది బాత్రూముల దాకా ఉండదు. సోలార్ పెడితే గోడ బయట నుంచి కొత్తగా సీపీవీసీ (వేడినీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) లైను దింపాలి, దానికి తొడుగు వేయాలి. కొటేషన్‌లో ఇది సాధారణంగా కనిపించదు, పని మొదలయ్యాక వస్తుంది. టెర్రస్ నుంచి కింది బాత్రూంకి 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు వేస్తే అందులోనే నాలుగు లీటర్ల దాకా నీళ్లు చల్లారి ఉంటాయి. పొద్దున్న మొదటి మనిషి అవి పోయేదాకా ఆగాలి.

మూడోది, తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి టెర్రస్ మీద ఉన్న వస్తువుల సంగతి చెప్పక్కర్లేదు. నీళ్ల ట్యాంకులే ఎగిరిపడ్డాయి. సోలార్ స్టాండుని ఇటుకలు పెట్టి నిలబెడితే కుదరదు, శ్లాబు పాడవకుండా కాంక్రీటు దిమ్మెలు పోసి బోల్టులతో బిగించాలి. స్టాండు ఉప్పుగాలికి తట్టుకునేదై ఉండాలి. సింహాచలం కొండ వైపు ఇళ్లయితే కోతులకి కూడా తట్టుకోవాలి, అది వేరే కథ.

వేసవిలో ఎవరూ వేడినీళ్లు వాడరు. అప్పుడు గాజు గొట్టాల సోలార్‌లో నీళ్లు మరిగిపోయి, బోరు నీళ్లయితే సున్నం అంతా గొట్టాల్లోనే దిగుతుంది. ఏప్రిల్ నుంచి సగం గొట్టాల మీద టార్పాలిన్ కప్పాలి. అద్దె ఇంట్లో ఆ పని ఎవరు చేస్తారు? ఇక డబ్బు. పైపులతో కలిపి ఇది కొన్ని పదుల వేల పని. మీరు ఏడాదికి ఆదా చేసేది పైన చెప్పిన నాలుగు వేలలో ఎక్కువ భాగం. మీ అగ్రిమెంట్ 11 నెలలది. ఖాళీ చేసేటప్పుడు సోలార్‌ని విప్పుకుని పట్టుకెళ్లరు కదా. ఓనర్ గారు మొత్తం తన డబ్బుతో పెట్టిస్తానంటే సంతోషంగా ఒప్పుకోండి, అద్దె ఒక అయిదు వందలు పెంచినా నష్టం లేదు. అప్పుడు కూడా గీజర్లు ఉంచుకోండి.

గ్యాస్ గీజర్ చవక అన్న మాట అబద్ధం కాదు. 14.2 కిలోల సిలిండర్‌లోంచి నీళ్లకి చేరే వేడి దాదాపు 140 యూనిట్ల కరెంటుతో సమానం. సిలిండర్ ధరని 140తో భాగించి 9.75తో పోల్చి చూసుకోండి, గ్యాసే నెగ్గుతుంది. అయినా వద్దంటున్నాను. గాలి సరిగ్గా అందకుండా మంట మండితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. చలి అని కిటికీ మూసి స్నానం చేస్తున్న మనిషి కళ్లు తిరిగి పడిపోతాడు, లోపల గడియ వేసి ఉంటుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉందిగా అనే ధైర్యం చాలదు, కొన్నిసార్లు అదే పొగని లోపలికి లాగుతుంది. గ్యాస్ గీజర్ పెడితే బాత్రూం బయట, గాలాడే బాల్కనీలోనో వెనక వరండాలోనో పెట్టాలి. మీ పై బాత్రూంలో ఇంకో అడ్డంకి ఉంది. ట్యాంకు దానికి రెండు మూడు మీటర్ల ఎత్తులోనే ఉంటుంది కాబట్టి నీళ్ల ఒత్తిడి చాలక మంట అంటుకోకపోవచ్చు. ఆపైన సిలిండర్ అయిపోయిన రోజు ఎవరు మోయాలన్నది, ఆరుగురున్న ఇంట్లో తేలదు.

గాలిలోని వేడిని లాగి నీళ్లకిచ్చే హీట్ పంప్ గురించి ఎవరైనా చెప్తే, అది మంచి వస్తువే. మన వెచ్చటి తేమ గాలిలో ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల దాకా వేడి ఇస్తుంది. మధురవాడలో ముప్పై నలభై మందున్న పీజీ నడిపేవాళ్లకి అదే సరైనది. ఆరుగురికి పెట్టుబడి తిరిగిరాదు.

డబ్బు పంచుకోవడానికి నా సలహా: మూడు గీజర్ల లైన్లకీ చిన్న సబ్ మీటర్లు పెట్టించండి. నెలాఖరున ఏ బాత్రూం ఎన్ని యూనిట్లు వాడిందో కనిపిస్తుంది, ఆ బాత్రూం వాడేవాళ్లు పంచుకుంటారు. తలకింత అని పెడితే బకెట్ మనిషి షవర్ మనిషికి డబ్బు కడుతున్నట్టే. మంచి టైమర్ ఒకటి పెట్టి పొద్దున్న ఆరింటికి ఆన్, ఎనిమిదిన్నరకి ఆఫ్ చేసేస్తే రోజంతా మర్చిపోయి వదిలేసే బాధ ఉండదు. టైమర్ కూడా 16 ఆంపియర్లదే తీసుకోండి, డెకరేషన్ లైట్లకి వాడే చిన్నది కాలిపోతుంది. రోజంతా వదిలేస్తే ట్యాంకు నుంచి ఎంత వేడి పోతుందో గీజర్ మీద అతికించిన స్టార్ లేబుల్ మీదే యూనిట్లలో రాసి ఉంటుంది. కొట్లో స్టార్లు లెక్కపెట్టేబదులు ఆ అంకె చూడండి. ఐఎస్ఐ గుర్తు లేనిది ఎంత తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు.

అమ్మగారి సంగతి. విశాఖలో జనవరి రాత్రి కూడా సాధారణంగా 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. గదిలో గోడలు పగటి వేడి పట్టి ఉంచుతాయి కాబట్టి లోపల ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఆయిల్ హీటర్ ఒకటిన్నర కిలోవాట్లది రాత్రి ఆరు గంటలు నడిస్తే 9 యూనిట్లు. మీ ఆరుగురి స్నానాలకి రోజంతా కలిపి మూడు యూనిట్లు అనుకున్నాం. లంబసింగిలోనో అరకులోనో ఉంటే వేరే మాట. ఇక్కడ ఆవిడకి సముద్రం వైపు కిటికీ రాత్రి మూసే గది ఇవ్వండి, కాళ్లకి మేజోళ్లు, పడుకునేముందు రబ్బరు వేడినీళ్ల సంచి. బ్లోయర్ హీటర్ గొంతు ఎండగడుతుంది తప్ప మోకాళ్లకి ఒరిగేదేమీ లేదు.

ఆవిడకి నిజంగా కావాల్సింది కింది అంతస్తులో, 25 లీటర్ల గీజర్ ఉన్న బాత్రూం. దాని థర్మోస్టాట్‌ని ఆవిడ ఉన్నన్నాళ్లు 50 దగ్గర పెట్టండి. 60 డిగ్రీల నీళ్లు ఒంటి మీద పడితే అయిదారు సెకన్లలో బొబ్బలెక్కుతాయి, పెద్దవాళ్ల చర్మానికి ఇంకా ముందే. బకెట్‌లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేడినీళ్లు పట్టే అలవాటు ఇంట్లో అందరూ చేసుకోండి. కూర్చుని స్నానం చేయడానికి ప్లాస్టిక్ స్టూలు, గోడకి ఒక పట్టుకునే కడ్డీ పెట్టించండి. తెల్లవారుజామున నాలుగింటికే స్నానం చేసే అలవాటుంటే టైమర్‌ని ఆ బాత్రూంకి మాత్రం మూడున్నరకి మార్చాలి, లేకపోతే ఆవిడ మొహమాటపడి చన్నీళ్లే పోసుకుంటారు.

మీటర్ బోర్డు ఫోటో ఒకటి, బాత్రూం సాకెట్ దగ్గర కనిపించే వైరు ఫోటో ఒకటి, కరెంటు బిల్లు మీద ఉండే మంజూరైన లోడు ఎన్ని కిలోవాట్లో రాసి పెట్టండి. మూడు గీజర్లకి ఆ లోడు సరిపోతుందో, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర పెంచుకోమని ఓనర్ గారిని అడగాలో చూసి చెప్తాను.